మొద్దు దానంతటదే పోదు

"వదిలెయ్యండి బాబూ, రెండేళ్ళు పోతే అదే మట్టిలో కలిసిపోద్ది." కోనసీమలో కొబ్బరి చెట్టు కొట్టించిన ప్రతిసారీ ఈ మాట వినబడుతుంది. గొడ్డలి పట్టినవాడు అంటాడు, కాయ దింపుకొచ్చినవాడు అంటాడు, గట్టు మీద నిలబడి చూస్తున్న పక్క తోట రైతూ అంటాడు. అమలాపురం నుంచి అంతర్వేది దాకా ఏ ఊరి తోటలోకైనా వెళ్ళి చూడండి. మోకాలెత్తు మొద్దులు, బోదె పక్కన పడేసిన దుంగలు, మొవ్వు పోయి మొండిగా నిలబడ్డ మానులు బతికున్న చెట్ల మధ్యలోనే కనిపిస్తాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు. చచ్చిన చెట్టు ఇంకేం చేస్తుందిలే అన్న ధీమా.

ఆ ధీమా తప్పు. చచ్చిన కొబ్బరి మొద్దు తోటకు చేసే చేటు చాలా పురుగుమందులు చేసే మేలుకు మించి ఉంటుంది. చెట్టు కొట్టడంతో పని సగమే అయింది. మొద్దు వేళ్ళతో సహా నేలలోంచి బయటికి వచ్చి, తోట దాటి వెళ్ళిపోయినప్పుడే అది పూర్తవుతుంది. ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో నాకు కావలసినవాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరికీ జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు కళ్ళారా చూసింది చెబుతాను. కొత్తపేట వైపు మా తోటలో మూడేళ్ళ కిందట కొట్టించిన చెట్టు మొద్దు ఒకటి ఉండిపోయింది. నేనే వదిలేశాను, అందరూ అన్న మాట విని. మొన్న వేసవిలో దాన్ని తీయిద్దామని ఇద్దరు కూలీల్ని పెట్టాను. మొదటి గునపం పోటుకే పై పెంకు లోపలికి కూలిపోయింది. చుట్టూ గట్టి చెక్క గోడలా నిలిచి ఉంది, లోపలంతా నశ్యంలా మెత్తటి ముదురు గోధుమరంగు పొడి. ఆ పొడిని పారతో తోడుతుంటే తెల్లటి పురుగులు బయటపడ్డాయి. బొటనవేలంత లావు, గోధుమరంగు తల, కొడవలిలా వంగిన ఒళ్ళు. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. అడుగున పీచుతో అల్లుకున్న గూళ్ళలో రెక్కలు రాబోతున్నవి కొన్ని ఉన్నాయి. తవ్వుతున్న పెద్దాయన పార ఆపి, "ఆయ్, మొద్దు కాదండిది, వీటి పురిటిల్లండి" అన్నాడు. తలెత్తి చూస్తే, పది గజాల దూరంలో ఉన్న అయిదేళ్ళ చెట్టుకు విచ్చుకున్న ప్రతి మట్టా కత్తెరతో కోసినట్టు ఉంది.

ఆ తెల్ల పురుగూ, మొవ్వులో దూరి మట్టను కోసే నల్లటి కొమ్ము పురుగూ ఒకటేనని చాలామంది రైతులకు తెలియదు. రూపాలు వేరు కాబట్టి రెండూ వేరు జీవాలనుకుంటారు. కొమ్ము పురుగు తల్లి కుళ్ళిన కొబ్బరి మొద్దులోనో, పెంటకుప్పలోనో గుడ్లు పెడుతుంది. పది రోజులకల్లా పిల్లలు వస్తాయి. నాలుగైదు నెలలు ఆ కుళ్ళునే తిని లావెక్కుతాయి. ఆ దశలో అవి పచ్చటి చెట్టు జోలికి పోవు. తర్వాత గూడు కట్టుకుని, రెక్కలతో బయటికొచ్చి, చీకటిపడ్డాక ఎగిరి బతికున్న చెట్టు మొవ్వులోకి దూరుతాయి. ఇంకా విప్పుకోని లేత ఆకుల్ని అడ్డంగా తొలుచుకుపోతాయి. ఆ ఆకు విచ్చుకున్నాక రెండు పక్కలా ఒకేలా కోసినట్టు కనిపించేది అందుకే. పూతగెలను తొలిచిందంటే కాయలు పోయినట్టే. చిన్న మొక్క అయితే ఏకంగా చచ్చిపోతుంది. అంటే ఈ పురుగు పెరిగేది చచ్చిన చెట్టులో, తినేది బతికిన చెట్టును. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మొద్దు గురించి వాదనే అక్కర్లేదు.

కొమ్ము పురుగు చేసిన గాయం వాసన పట్టుకుని రెండో శత్రువు వస్తుంది, ఎర్రముక్కు పురుగు. ఇది కాండంలోనే గుడ్లు పెడుతుంది. దీని పిల్లలు లోపల చెట్టును నమిలేస్తుంటే బయటికి ఏమీ తెలియదు. మానుకు చెవి ఆనిస్తే నమిలే చప్పుడు వినబడుతుందని మా పెద్దలు చెప్పేవారు, అది నిజమే. మొవ్వు వాలిపోయేదాకా రైతుకు సంగతి తెలియదు, తెలిసేటప్పటికి చెట్టు దక్కదు. ఆ చెట్టును మళ్ళీ కొట్టిస్తాం, మళ్ళీ మొద్దు వదిలేస్తాం. వలయం మొదటికొస్తుంది.

ఇప్పుడు ఎదుటివాళ్ళ మాటలు ఒక్కొక్కటే తీసుకుందాం.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది: "మా తాతల కాలం నుంచీ ఎవరు తవ్వారండీ? అప్పుడు తోటలు పాడైపోయాయా?" ఇది చరిత్ర తెలియక అనే మాట. తాతల కాలంలో మొద్దును వదిలేయలేదు, వాడేసుకున్నారు. ముదురు మాను దూలమైంది, వాసాలైంది. బోదె మీద అడుగు వంతెనైంది. మొదలు చీల్చి ఎండబెడితే పొయ్యిలోకి పనికొచ్చింది. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి మండింది ఈ మొద్దులతోనే. ఎండిన మట్ట దగ్గర్నుంచి పీచు దాకా ఇంటికి చేరని ముక్క లేదు. తాటాకిళ్ళు పోయి డాబాలు వచ్చాయి, కట్టెలపొయ్యి పోయి గ్యాసు వచ్చింది. మంచిదే, ఆడవాళ్ళకు పొగ తప్పింది. కానీ దాంతోపాటు తోటను శుభ్రంగా ఉంచే అవసరమూ పోయింది. తాతలు శుభ్రత కోసం మొద్దులు తీయలేదన్నది నిజం. కట్టె కోసం తీశారు, తోట దానంతటదే శుభ్రమైంది. ఈరోజు కట్టె అక్కర్లేదు కాబట్టి శుభ్రత కోసమే తీయాలి. తాతల పేరు చెప్పి మొద్దు వదిలేయడం తాతలు చేసిన పనికి సరిగ్గా ఎదురు.

ఈ అలవాటు ముదిరింది 1996 తర్వాత అని నా నమ్మకం. ఆ ఏడాది నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమను తుడిచిపెట్టింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. కాట్రేనికోన, ముమ్మిడివరం, ఉప్పలగుప్తం వైపు తోటలకు తోటలే నేలమట్టమయ్యాయి. మనుషుల్ని వెతుక్కునే రోజుల్లో మొద్దుల్ని ఎవరు చూస్తారు? దారికి అడ్డం పడ్డవి కోసి పక్కకు దొర్లించారు, మిగిలినవి పడ్డచోటే ఉండిపోయాయి. అప్పుడు తప్పలేదు. ఆ నిస్సహాయత తర్వాత తర్వాత అలవాటై, అలవాటు కాస్తా నీతిగా మారిపోయింది. నా అభ్యంతరం దానికే. తుపాను తెచ్చిన కష్టం వేరు, మనం చేతులారా తెచ్చుకునేది వేరు.

తుపాను తర్వాత కొబ్బరి తోటలో ఏమవుతుందో తంజావూరు వాళ్ళనడిగితే చెబుతారు. అక్కడ 1952 తుపాను తర్వాత ఇసుక నేలల్లోని తోటల్లో ఒక ఎండు తెగులు బయటపడింది. తంజావూరు తెగులు అనే పేరే పడిపోయింది. మన దగ్గర గానోడెర్మా అంటున్నది అదే. చెట్టు మొదట్లో పగుళ్ళలోంచి ఎర్రటి గోధుమరంగు బంక కారుతుంది. ఆ మరక నెలనెలా పైకి పాకుతుంది. కింది మట్టలు వాలి మానును అంటుకుని వేలాడతాయి, కాయ తగ్గుతుంది, చివరికి మొదలు దగ్గర చెక్కలాంటి గోధుమరంగు పుట్టగొడుగులు వస్తాయి. అవి కనబడ్డాక ఆ చెట్టు మీద ఆశ వదులుకోవచ్చు.

ఇక్కడే "నేలమట్టంగా కోసేసి మన్ను కప్పేస్తే చాలు" అనేవాళ్ళతో నాకు పేచీ. పైకి చూస్తే వీళ్ళది తెలివైన పనిలాగే ఉంటుంది. మొద్దు కంటికి కనబడదు, కాలికి తగలదు, తోట నున్నగా ఉంటుంది. కానీ కొబ్బరికి తల్లివేరు ఉండదు. నేలలో గంగాళమంత దుంప ఉండి, దాని చుట్టూ వేలు లావు వేళ్ళు గుత్తిగా పుట్టుకొస్తాయి. నడివయసు చెట్టుకు అలాంటి వేళ్ళు నాలుగు వేల నుంచి ఏడు వేల దాకా ఉంటాయి. గానోడెర్మా శిలీంధ్రం బతికేది ఆ దుంపలోనే. చెట్టు పోయినా దుంపను తింటూ ఏళ్ళ తరబడి ఉంటుంది. పక్క చెట్టు వేరు వచ్చి తాకిందంటే దాన్ని పట్టుకుని అటు పాకుతుంది. మన్ను కప్పడమంటే దానికి దుప్పటి కప్పడమే. ఇరవై అయిదు అడుగులకో చెట్టు ఉన్న తోటలో ఒకదాని వేళ్ళు ఇంకొకదాని వేళ్ళలోకి చొచ్చుకుని ఉంటాయి. నేల మీద చూస్తే చెట్లు విడివిడిగా కనబడతాయి, నేల కింద తోటంతా ఒకటే.

దీనికి సాక్ష్యం మలేషియాలో దొరుకుతుంది. అక్కడ పాత కొబ్బరి తోటలు కొట్టేసి ఆ నేలలోనే ఆయిల్‌పామ్ వేశారు. కొబ్బరి మొద్దుల్ని నేలలోనే వదిలేసిన చోట్ల కొత్త చెట్లు చిన్న వయసులోనే గానోడెర్మాతో పడిపోవడం మొదలైంది. కొబ్బరి ఉండని నేలల్లో వేసిన వాటికి ఆ తెగులు అంత తొందరగా రాలేదు. పాత పంట శవం కొత్త పంటకు జబ్బు అంటించిందని అక్కడి శాస్త్రవేత్తలు అర్ధ శతాబ్దం కిందటే తేల్చారు. మనవాళ్ళు మాత్రం చచ్చిన చెట్టు గోతిలోనే, దాని దుంపను పక్కకు జరిపి, కొత్త మొక్క పెడుతున్నారు. నర్సరీలో మంచి గోదావరి గంగ రకం మొక్క వెతికి, బండి కట్టి తెచ్చి, తెగులు నోట్లో పెట్టినట్టు ఇది.

"మొద్దు కుళ్ళితే నేలకు బలం కదా" అని కొందరు చదువుకున్న మిత్రులు అంటున్నారు. ఈమధ్య సేంద్రియ సాగు మాటలు ఎక్కువయ్యాక ఈ వాదన మరీ బలపడింది. అడవిలో పడిన మాను వందల జీవాలకు ఆసరా అన్నది నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అడవిలో ఏ చెట్టు పక్కన అదే చెట్టు వరుసగా ఉండదు. ఒక మానులో పుట్టిన పురుగుకు తిండి దొరకాలంటే ఎంతో దూరం పోవాలి, దారిలో దాన్ని తినేవీ ఉంటాయి. ఎకరానికి డెబ్బై కొబ్బరి చెట్లు ఒకే ఎత్తున, ఒకే వరుసన నిలబడ్డచోట పురుగు మొద్దులోంచి బయటికి రాగానే తిండే తిండి. అడవికి చెప్పిన నీతిని తోటకు చెప్పకూడదు. ఇంటి వెనక వేప మొద్దో, చింత మొద్దో ఉండి దానిమీద చీమలూ తొండలూ బతుకుతుంటే ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాట్లాడుతున్నది కొబ్బరి మొద్దు గురించి. నేలకు బలమే కావాలంటే ఎండిన మట్టలు ముక్కలు కొట్టి పాదుల్లో పరవండి, కొబ్బరి పొట్టు మాగబెట్టి వేయండి, జనుమో జీలుగో చల్లి కలియదున్నండి. ఆ బలానికి మొద్దు కుళ్ళనక్కర్లేదు.

ఇక్కడ ఒక మినహాయింపు. మొవ్వు పోయిన మొండి మాను తొర్రల్లో చిలకలు, పాలపిట్టలు గూళ్ళు పెడతాయి. గుడ్లో పిల్లలో ఉన్నాయేమో చెట్టెక్కేవాడిని చూడమనండి. ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. ఆ రెండు నెలల ఆలస్యానికి తోటేమీ పాడవదు. ఆ తర్వాత మాత్రం ఆలోచించకండి.

మొద్దు వదలకూడదన్న పాఠాన్ని పసిఫిక్ ద్వీపాల వాళ్ళు మనకంటే ఎక్కువ వెల పెట్టి నేర్చుకున్నారు. కొమ్ము పురుగు మన ఆసియాది. 1909లో సిలోన్ నుంచి వెళ్ళిన రబ్బరు మొక్కలతోపాటు సమోవాకు చేరింది. జర్మన్ల ఏలుబడిలో, ఆ తర్వాత న్యూజిలాండ్ వాళ్ళ ఏలుబడిలో, కుళ్ళిన మొద్దులు వెతికి పురుగుల్ని ఏరడం అక్కడి జనానికి చట్టం పెట్టిన పని. రెండో ప్రపంచ యుద్ధంలో పలావు దీవులకు పాకింది. బాంబులకు కూలిన కొబ్బరి చెట్లు ఎక్కడికక్కడ కుళ్ళుతూ ఉండటంతో పురుగు కట్టలు తెంచుకుంది. అక్కడి కొబ్బరి చెట్లలో దాదాపు సగం పోయాయి. గ్వామ్ దీవిలో 2007లో కనిపించింది. 2015 మే నెలలో డాల్ఫిన్ అనే తుపాను వచ్చి చెట్లు పడగొట్టాక, ఆ కుళ్ళు కుప్పల్లోంచి పురుగు ఒక్కసారిగా విరగబడింది. యుద్ధమైనా తుపానైనా చెట్లు పడగొట్టింది ఒకసారే. తర్వాత ఏళ్ళ తరబడి చెట్లు చంపింది మాత్రం తీయని మొద్దులు.

ఈ మాట ఇప్పుడు కోనసీమకు మరీ ముఖ్యం. రాజోలు నియోజకవర్గంలో శంకరగుప్తం డ్రెయిన్ మీదుగా సముద్రపు ఉప్పునీరు పైకి తన్ని, కేశనపల్లి చుట్టుపక్కల తోటల్లో చెట్లు తలలు వాల్చి చచ్చిపోయాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ తోటలకు వచ్చి చూశారు. డ్రెయిన్ బాగుపడాలి, రైతుకు న్యాయం జరగాలి, అందులో రెండో మాట లేదు. నా మాట దానికి తోడు చేర్చాల్సినది. ఆ చెట్లు ఉప్పుకు చచ్చాయా, తెగులుకు చచ్చాయా అన్న తేడా పురుగుకు లేదు. తలలు తెగిన మానులు వందల కొద్దీ ఒకేచోట కుళ్ళితే అక్కడ పుట్టే పురుగు ఉప్పునీరు చేరని మలికిపురానికీ, మామిడికుదురుకీ, అంబాజీపేటకీ ఎగిరి వస్తుంది. నీళ్ళు చేరని ఊళ్ళకు నష్టాన్ని మోసుకొచ్చేది అదే. నష్టపరిహారం లెక్క రాసేటప్పుడు చచ్చిన చెట్టు ధర ఒక్కటే రాయకూడదు. దాన్ని మొదలుతో సహా తీయించే ఖర్చు కూడా రాయాలి. అది రాయని లెక్క సగం లెక్క.

"పురుగు వస్తే మందుందిగా" అంటారు ఇంకొందరు. ఉంది, కాదనను. మొవ్వు చుట్టూ మట్ట మొదళ్ళలో నాఫ్తలీన్ ఉండలు పెట్టి ఇసుక పోయడం, ఇనుప కొక్కెంతో పురుగును లాగేయడం, లింగాకర్షక బుట్టలు వేలాడదీయడం, అన్నీ పనికొచ్చేవే. చిన్న చెట్లకు ఎవరైనా చేసుకోవచ్చు. అరవై అడుగుల చెట్టు మొవ్వులో నలభై అయిదు రోజులకోసారి ఉండలు పెట్టేదెవరు? దింపుకే మనుషులు దొరక్క రోజులు వాయిదా వేసుకుంటున్నాం. ఒక్కో చెట్టు ఎక్కి ఒక్కో పురుగును పట్టుకునే శక్తి మనకు లేదు. ఆ పురుగులన్నీ నేల మీద, మోకాలెత్తున, చేతికి అందేచోట, ఎగరలేని దశలో ఒక్క మొద్దులో కుప్పగా దొరుకుతున్నాయి. అక్కడ వదిలేసి చెట్టెక్కి వెతకడం ఏ లెక్కకూ రాదు.

గానోడెర్మాకూ అంతే. వేరు ద్వారా హెక్సాకొనజోల్ ఎక్కించవచ్చు, పాదులో ఒక శాతం బోర్డో మిశ్రమం పోయవచ్చు, వేపపిండితో కలిపి ట్రైకోడెర్మా వేయవచ్చు. తెగులు సోకిన చెట్టు చుట్టూ కందకం తవ్వి వేళ్ళను తెంచవచ్చు. ఇవన్నీ తెగులు మొదట్లో ఉన్న చెట్టును నిలబెట్టుకోవడానికి. పక్కనే తెగులుతో నిండిన మొద్దు నేలలో కూర్చుని ఉంటే ఎన్నిసార్లు పోస్తారు? కిరసనాయిలు పోసి కాలుద్దామనేవాళ్ళూ ఉన్నారు. పచ్చి మొద్దు నీళ్ళమూట, పై బెరడు మాడుతుంది తప్ప దుంప మండదు. ఉప్పు పోసేవాళ్ళకు ఒకటే చెబుతాను. కోనసీమ నేలకు ఉప్పు ఏం చేస్తుందో కేశనపల్లి వెళ్ళి చూసి రండి.

ఇక డబ్బు సంగతి. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ఇందులో నిజముంది. కొబ్బరి ధర పడిపోయిన ఏడాది రైతు చేతిలో ఎరువుకే డబ్బుండదు. దుంప తవ్వడానికి ఇద్దరు మనుషులకు పూట పైనే పడుతుంది. జేసీబీ పిలుద్దామంటే తోటలో కోకో ఉంటుంది, అరటి ఉంటుంది, వాటిని తొక్కకుండా అది లోపలికి రాదు. అయినా లెక్క వేసి చూడండి. ఏడేళ్ళు పెంచిన చెట్టు కాపుకొచ్చే వేళకు మొవ్వు విరిగి పోతే పోయేది ఒక కూలి కాదు, ఏడేళ్ళు. ఒక్క మొద్దు తీయించి ఒక్క చెట్టును దక్కించుకున్నా తవ్వకం ఖర్చు వచ్చేసినట్టే.

ప్రభుత్వం వైపు నుంచి దారి అసలే లేదనలేం. ముసలి చెట్లు, తెగులు ముదిరిన చెట్లు తీసి కొత్తవి వేసుకునేందుకు కొబ్బరి అభివృద్ధి మండలి నడిపిన పథకం మార్గదర్శకాల్లో చెట్టుకు 1,000 రూపాయల చొప్పున, హెక్టారుకు 32 చెట్ల దాకా సాయం రాసి ఉంది. అందులో ఉన్నవి రెండు మాటలు: కొట్టడం, తొలగించడం. రెండో మాటను మనం చదవడం మానేశాం. చెట్టు పడిన ఫొటోతో పని అయిపోయినట్టు కాదు. గొయ్యి ఖాళీగా ఉన్న ఫొటో అడగాలి.

అసలు చిక్కు డబ్బు కంటే లోతుగా ఉంది. తోట ఒకరిది, కాయ ఇంకొకరిది. తోటగల ఆయన హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. కాయ కొనుక్కున్నవాడు దింపు చూసుకుని పోతాడు, మొద్దు తీయించడం అతని ఒప్పందంలో లేదు. కౌలు రైతుకు ఏడాది తర్వాత ఆ తోట తనదగ్గర ఉంటుందో లేదో తెలియదు. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఎవరికీ పట్టని మొద్దులు అలా పోగుపడతాయి. వాటిలో పుట్టిన పురుగు మాత్రం గట్టు చూసి ఆగదు. అరెకరం సొంత తోటను కళ్ళలో పెట్టుకుని చూసుకునే రైతు చెట్టును కొడుతుంది. నా తోటలో మొద్దు నా ఇష్టం అనే మాట ఇక్కడే కూలిపోతుంది. కాలువలోకి మురుగు వదలడం మీ ఇష్టం కానట్టే, ఇదీ మీ ఇష్టం కాదు.

ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టిన న్యాయం కాదు. గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1919లో, పంటల పురుగులు, తెగుళ్ళ చట్టం చేశారు. ప్రభుత్వం ఒక పురుగునో తెగులునో ప్రకటిస్తే, దాన్ని అణచడానికి చెప్పిన పని ఆ నేల అనుభవిస్తున్నవాళ్ళు చేయాలి. చేయకపోతే అధికారి చేయించి ఖర్చు వసూలు చేయవచ్చు. తమిళ జిల్లాల్లో కాపు అయిపోయిన పత్తి మోళ్ళను గడువులోగా పీకించింది ఈ చట్టంతోనే. పత్తి మోడుకు ఉన్న గడువు కొబ్బరి మొద్దుకు ఎందుకు ఉండకూడదు? రైతు మీద జులుం చేయమని అనడం లేదు. ఊళ్ళో లేని తోటగలవారికి ఒక నోటీసు, ఊళ్ళో ఉన్న చిన్న రైతుకు కూలి సాయం. ఈ రెండూ కలిపి చేస్తే సరిపోతుంది.

తీయించేవాళ్ళు కూడా ఒక తప్పు చేస్తున్నారు. మొద్దు తవ్వి కాలవగట్టు మీదికి దొర్లించి చేతులు దులుపుకుంటున్నారు. వానకు తడిసి అది గట్టు మీద కుళ్ళుతుంది, అక్కడే పురుగు పుడుతుంది. చోటు మారింది తప్ప పని కాలేదు. తవ్విన దుంపను అక్కడికక్కడే నాలుగైదు పాళ్ళుగా చీల్పించి ఎండలో పరవండి. చీలిన ముక్క తొందరగా ఎండుతుంది, ఎండిన ముక్కలో పురుగు నిలవదు. తెగులు లేనిది కట్టెకు ఎవరడిగితే వాళ్ళకు ఇచ్చేయండి. బంక కారిన చెట్టుదైతే వేళ్ళతో సహా ఏరి, ఎండబెట్టి, తోట బయట కాల్చేయండి. గోతిని వేసవంతా ఎండకు వదలండి. తెగులు ఉన్నచోట వెంటనే కొబ్బరి పెట్టకుండా అరటి వేయండి. అరటి ఉన్నచోట గానోడెర్మా జోరు తగ్గుతుందని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెబుతున్నారు, రావులపాలెం అరటి మార్కెట్టు మన గుమ్మంలోనే ఉంది. పెంటకుప్ప ఉంటే మెటారైజియం అనే పచ్చ శిలీంధ్రం పొడి కలపండి. అది సోకిన పిల్ల పురుగు బిగుసుకుపోయి ఆకుపచ్చగా మారి చస్తుంది. సందేహముంటే అంబాజీపేటలో ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది, వెళ్ళి అడగండి.

కొమ్ము పురుగు ఎక్కువగా ఎగిరేది తొలకరి నుంచి సెప్టెంబరు దాకా. అంటే వేసవిలో మొద్దులో ఉన్నది ఎగరకముందే దొరుకుతుంది. ఈ వైశాఖంలో ఒక పూట తోటంతా తిరిగి మీ మొద్దులు లెక్కపెట్టండి. అన్నీ ఒకేసారి వద్దు, చిన్న చెట్లకు దగ్గరగా ఉన్నవి ముందు తీయించండి. పక్క తోట ఆయనకూ చెప్పండి. ఆయన ఊళ్ళో లేకపోతే ఫోన్ చేయండి. ఆయన తోటలో మొద్దు ఉన్నంతకాలం మీ చెట్టుకు భద్రత లేదు.